నొప్పి తగ్గిన రోజే పన్ను చచ్చిపోయింది

పోయిన మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరప్పుడు, నాన్న షుగర్ మాత్రలు అయిపోయాయని, తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దాటాక ఒక మెడికల్ షాపు ముందు నిలబడి ఉన్నాను. నా ముందు ఒక ఆటో అబ్బాయి. ఖాకీ చొక్కా, కుడి చెంప మీద అరచెయ్యి. ఆ చెయ్యి తియ్యకుండానే ఎడమ చేత్తో కుడి జేబులోంచి డబ్బులు లాగడానికి తంటాలు పడుతున్నాడు. "అన్నా, పన్ను నొప్పి. మూడు రోజులుగా నిద్ర లేదు. ఏదన్నా గట్టిది ఇయ్యి" అన్నాడు. షాపాయన ఏ పన్ను అని అడగలేదు, జ్వరముందా అని అడగలేదు, అసలు తలెత్తి చూశాడని కూడా చెప్పలేను. చెయ్యి దానంతటదే అరలోకి పోయింది. యాంటీబయాటిక్ ఆరు, నొప్పి మాత్రలు ఆరు, గ్యాస్ మాత్రలు మూడు. కత్తెరతో షీట్లు టకటకా కత్తిరించి, కాగితం కవర్లో వేసి, "పొద్దునొకటి రాత్రొకటి, తిన్నాక" అన్నాడు. మొత్తం కలిపి నిమిషం కూడా పట్టలేదు.

నేను ఏదో చెప్దామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? రెండేళ్ల పైచిలుకు కిందట ఇలాంటి కౌంటర్ ముందే నిలబడి అచ్చం అదే మాట నేనూ అన్నాను, "గట్టిది" అనే మాటతో సహా. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఒంట్లో ఎక్కడైనా క్రిములు చేరితే ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది, ఆ భాగం పనిచెయ్యదు అని ఏడాదికి నాలుగు సెక్షన్లలో నాలుగుసార్లు బోర్డు మీద రాసేదాన్ని. ఆ ఐదింటినీ నా పంటికి అన్వయించుకోవడానికి మాత్రం నాకు ఏడాదిన్నర పట్టింది.

ఇంటికొచ్చినా ఆ అబ్బాయి చెయ్యి కళ్లముందు నుంచి పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పన్ను లోపల పుట్టే ఇన్‌ఫెక్షన్ మందు బలానికి సంబంధించింది కాదు, చోటుకు సంబంధించింది. "గట్టిది" ఎంత గట్టిదైనా, అది చేరలేని చోట జబ్బు కూర్చుని ఉంది.

చెంబు, చన్నీళ్లు

నాది కింది దవడలో కుడివైపు పెద్ద పన్ను. ఎప్పుడో ఎనిమిదేళ్ల ముందు సిమెంటు పెట్టించుకున్నది. మొదట్లో ఐస్‌క్రీమ్ తగిలితే జివ్వుమనేది, రెండు క్షణాల్లో పోయేది. సరేలే అనుకున్నాను. తర్వాత కాఫీకి మొదలైంది. కాఫీ తాగేశాక, గ్లాసు కడిగి బోర్లించి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, బస్సు దిగే దాకా ఆ పోటు అలాగే ఉండేది. చల్లటిదానికి జివ్వుమని పోవడం వేరు, వేడికి మొదలై పోకుండా ఉండిపోవడం వేరు. మొదటిది పన్ను "చూసుకో" అని చెప్పడం, రెండోది చెయ్యి దాటిపోయిందని చెప్పడం. ఆ తేడా తెలిసుంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదేమో.

రాత్రిళ్లు ఇంకా దారుణం. దిండు మీద తల ఆనిస్తే గుండె దవడలోకి వచ్చి కొట్టుకుంటున్నట్టు ఉండేది. లేచి కూర్చుంటే కొంచెం నయం. ఎలా కనిపెట్టానో గుర్తులేదు గానీ, నోట్లో చన్నీళ్లు పట్టుకుంటే పోటు ఆగిపోయేది. మింగకూడదు, ఊరికే ఆ పన్ను మీద పట్టుకోవాలి. నోటి వేడికి ఆ నీళ్లు వెచ్చబడగానే మళ్లీ మొదలు. ఫ్రిజ్ నీళ్లు చెంబులో పోసి మంచం పక్కన పెట్టుకుని, ఒక గుక్క పట్టడం, బకెట్లో ఉమ్మడం, మళ్లీ ఒక గుక్క. రెండు రాత్రులు తెల్లవార్లూ ఇదే పని. మా ఆయన లేచి, "నీళ్లు నేను తెస్తా, నువ్వు కూర్చో" అని అర్ధరాత్రి ఫ్రిజ్‌కూ మంచానికీ మధ్య తిరిగాడు పాపం.

మూడో రోజు మెడికల్ షాపు. ఐదు రోజుల కోర్సు. మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున లేచేసరికి నొప్పి లేదు. తగ్గుముఖం పట్టడం కాదు, అసలు లేదు. వేడి కాఫీ తాగాను, లేదు. పళ్లు కొరికి చూశాను, లేదు. మాత్రకు దండం పెట్టాను. అంతటితో ఊరుకోలేదు, స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరికి ఆ మాత్రల పేర్లు చీటీ మీద రాసి కూడా ఇచ్చాను. వాళ్లలో ఒకావిడ ఇప్పటికీ ఆ చీటీ పర్సులో దాచుకుని ఉంది.

నాలుగు నెలల తర్వాత చిగురు మీద ఆవగింజంత గుల్ల కనిపించింది. నాలుకతో నొక్కితే ఉప్పగా, ఒక రకమైన పాడు రుచి. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఇంకో నెల ఊరుకున్నాను. చివరికి ఒక చిన్న క్లినిక్‌కు వెళ్తే ఎక్స్‌రే తీసి స్క్రీన్ మీద చూపించారు. వేరు కొసన నల్లగా, మినపగింజంత మచ్చ. డాక్టరమ్మ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. "దీనికి బాగా నొప్పి వచ్చి ఒక్కసారిగా తగ్గిపోయిందా మేడం, ఎప్పుడైనా?" అని అడిగింది. ఐదు నెలల కిందట మాత్రలు వేసుకున్న సంగతి కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె నవ్వలేదు. "అప్పుడే నరం చచ్చిపోయి ఉంటుంది" అంది.

వాపుకు చోటు లేని గది

మనం నరం అంటాం గానీ, పంటి లోపల ఉండేది ఒక మెత్తటి కండ. అందులో రక్తనాళాలున్నాయి, నరాలున్నాయి, మనల్ని కాపాడే తెల్లకణాలున్నాయి. దాని చుట్టూ నాలుగు వైపులా గట్టి గోడ. లోపలికీ బయటికీ దారి వేరు కొసన ఉన్న సన్నటి రంధ్రాలే, మిల్లీమీటరులో కొంత భాగం వెడల్పు. ఇప్పుడు పిప్పి పన్ను గుండా క్రిములు ఆ కండ దగ్గరికి వచ్చాయనుకోండి. ఒళ్లు చెయ్యాల్సిన పనే చేస్తుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, నీరు బయటికి ఊరుతుంది, తెల్లకణాలు పరుగెత్తి వస్తాయి. చేతి మీద ఇదంతా జరిగితే చెయ్యి వాస్తుంది, నాలుగు రోజులకు దిగిపోతుంది. వాపును చూసి బలుపనుకున్నారని వెక్కిరిస్తాం గానీ, పంటి లోపల పాపం వాపుకు కూడా చోటు లేదు. వాయలేనిది ఒత్తిడి అవుతుంది. ఆ ఒత్తిడికి రక్తాన్ని బయటికి తీసుకుపోయే పల్చటి నాళాలు నలుగుతాయి. రక్తం కదలదు. ఆ మూల చిన్న ముక్క చచ్చిపోతుంది, క్రిములు అక్కడ కాపురం పెడతాయి, పక్క ముక్క వాస్తుంది. అలా కొంచెం కొంచెంగా కిందికి.

పడుకుంటే తలకు రక్తపు పోటు పెరిగి నొప్పి ఎక్కువవడం, వేడికి పోటెయ్యడం, చన్నీళ్లకు లోపలి ఒత్తిడి కాస్త తగ్గి ఊరట కలగడం, అన్నీ ఈ గది లెక్కలోనే ఉన్నాయి. రెండు రాత్రులు చెంబు పక్కన పెట్టుకుని నేను చేసిన పని, ఆ గదిలో ఇంకా బతికి ఉన్న కండను కాసేపు చల్లార్చడం. చన్నీళ్లతో నొప్పి ఆగుతోందంటే లోపల ఇంకా ప్రాణం కొంచెం మిగిలి ఉందన్నమాట. నొప్పి పూర్తిగా పోయిన ఆ పొద్దున ఇక నొప్పి చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మాత్ర సంగతి ఇక్కడ తేలిపోతుంది. మాత్ర కడుపులోకి, కడుపులోంచి రక్తంలోకి, రక్తంతో పాటు ఒళ్లంతా. రక్తం పోని చోటికి మాత్ర పోదు. మన ఊరి వాళ్లకు ఇది చెప్పడం తేలిక. కల్యాణి డ్యాం ఎంత నిండినా, మీ వీధిలోకి వచ్చే పైపు తెగిపోయి ఉంటే కుళాయిలో ఏమొస్తుంది? "ఇంకా గట్టిది ఇవ్వండి" అనడం డ్యాంలో ఇంకో పది అడుగుల నీళ్లు నింపమనడం లాంటిది.

మీరు అడగొచ్చు, నాకు నిజంగా మాత్ర వల్ల తగ్గలేదని రుజువేంటి అని. నా పంటి వరకు నా దగ్గర రుజువు లేదు. మాత్రా, నరం చావూ ఒకే మూడు రోజుల్లో పడ్డాయి, దాన్ని విడదీసి చూపించలేను. కానీ విడదీసి చూసినవాళ్లున్నారు. 2000లో అచ్చయిన ఒక అమెరికన్ పరీక్షలో ఇలాంటి నొప్పితో వచ్చిన 40 మందిని తీసుకుని, సగం మందికి పెన్సిలిన్, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నొప్పి మాత్రలు ఇద్దరికీ ఒకటే. నొప్పిలో తేడా రాలేదు. 40 మంది చాలా తక్కువే, ఒప్పుకుంటాను, నేను నా పిల్లల ప్రాజెక్టు రికార్డులో అయితే ఇంకా ఎక్కువ మందిని తీసుకోమని రాసేదాన్ని. కానీ ఆ అంకెను కాసేపు పక్కన పెట్టినా గది లెక్క మారదు. 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు, పంటికి నేరుగా వైద్యం అందుబాటులో ఉంటే, ఇలాంటి నొప్పులకు యాంటీబయాటిక్ వద్దనే చెప్పింది.

పురుగు, ఎలుక, మనం

మా అవ్వ పంటిలో పురుగు ఉంటుందని గట్టిగా నమ్మేది. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ నోట్లోకి పట్టించేవాళ్లట, పురుగులు రాలిపడేవట, నీళ్ల గిన్నెలో చూపించేవాళ్లట. రాలిపడినవి గింజల లోపలి మొలకల ముక్కలని ఇప్పుడు చెప్పగలం గానీ, మా అవ్వను అంటే నాకు నచ్చదు. పంటి పురుగు నమ్మకం బాబిలోనియా నాటిది. ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ అనే దంతవైద్యుడు అది తప్పని పుస్తకంలో రాసింది 1728లో. అంతకు ముందే, 1683లో, హాలెండ్‌లో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పళ్ల మీద పాచి గీకి కటకం కింద పెట్టి, అందులో కదులుతున్న బుల్లి జీవులను చూసి లండన్‌కు ఉత్తరం రాశాడు. అంటే అవ్వ చెప్పిన పురుగు నిజంగా ఉంది, కంటికి కనిపించేంత పెద్దది కాదు, అంతే.

అసలు తగువు వేరే చోట ఉంది. పన్ను చచ్చేది క్రిముల వల్లనా, పన్ను పగిలి గాలి, తిండి తగలడం వల్లనా? 1965లో అమెరికాలో కకెహాషి, ఆయన తోటివాళ్లు ఎలుకల పళ్లకు పైనుంచి రంధ్రం చేసి కండను బయట పెట్టి వదిలేశారు. కొన్ని మామూలు ఎలుకలు, కొన్ని పుట్టుక నుంచి ఒక్క క్రిమి కూడా తగలకుండా పెంచినవి. మామూలు వాటికి కండ కుళ్లి చీము పట్టింది. క్రిములు లేని ఎలుకలకు ఆ రంధ్రంలో తిండి ఇరుక్కున్నా కండ చావలేదు, కొన్ని వారాల్లో గాయం మీద గట్టి పొర కట్టుకుంది. క్లాసులో చెప్పడానికి ఇంతకంటే అందమైన ప్రయోగం నాకు ఇంకోటి దొరకలేదు. తర్వాత 1976లో స్వీడన్‌లో సుండ్‌క్విస్ట్, దెబ్బ తగిలి లోపల చచ్చిపోయిన, పైకి మాత్రం పగలని పళ్లు 32 తీసుకుని లోపల వెతికాడు. ఎముకలో మచ్చ ఉన్న 19 పళ్లలో 18టిలో క్రిములు దొరికాయి. మచ్చ లేని వాటిలో లేవు. చచ్చిన కండ ఒక్కటే మచ్చ పెట్టదు, అందులో చేరినవాళ్లు పెడతారు. దొరికిన క్రిముల్లో నూటికి తొంభై పైగా గాలి తగిలితే బతకలేని రకాలు. మూసేసిన గది వాటికి జైలు కాదు, అత్తారిల్లు.

ఇంతవరకు క్రిముల తప్పు. ఇక్కడి నుంచి కథ నన్ను నిజంగా కలవరపెట్టింది. నా ఎక్స్‌రేలో మినపగింజంత మచ్చ ఉందే, ఆ ఎముకను తిన్నది క్రిమి కాదు. మనమే. వేరు కొసన రంధ్రం దగ్గర తెల్లకణాలు కాపలా కాస్తాయి, లోపలికి పోలేవు, రక్తపు దారి లేదు కదా. క్రిముల విషం మాత్రం కారుతూనే ఉంటుంది. అప్పుడు ఒళ్లు ఒక నిర్ణయం తీసుకుంటుంది. తన ఎముకను తన కణాలతోనే కరిగించి, రంధ్రానికీ ఎముకకూ మధ్య చోటు చేసుకుని, అక్కడ మెత్తటి కంచె కడుతుంది. ఎముకలోకి క్రిములు దిగకుండా ముందే కొంత పొలం వదిలేసుకోవడం. ఎక్స్‌రేలో నల్లగా కనిపించేది ఆ వదిలేసుకున్న పొలం. అది జబ్బు అనాలో, జబ్బును ఆపిన గట్టు అనాలో నాకు ఇప్పటికీ తెగలేదు. ఆ గట్టు నొప్పి లేకుండా ఏళ్లకేళ్లు నిలబడగలదు. ఒళ్లు నీరసపడినప్పుడో, షుగర్ అదుపు తప్పినప్పుడో తెగగలదు కూడా.

పుత్తూరు నుంచి అత్త వాదన

మా మేనత్తది పుత్తూరు. ఎముక విరిగితే తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి జనం వచ్చి కట్టు కట్టించుకుపోయే ఊరు. ఆవిడ కింది పెద్ద పళ్లు నాలుగూ పీకించేసుకుంది. ఆ ఎక్స్‌రే తర్వాత నేను చేయించుకున్న రూట్ కెనాల్ (పంటి లోపలి చచ్చిన కండ తీసి, కడిగి మూసే వైద్యం) సంగతి విని, "విరిగిన ఎముకలే మా ఊళ్లో కట్టు కడితే అతుక్కుంటాయి, ఒక పన్నుకు మూడు సిట్టింగులు ఏంటికి పాపా? పీకి పారేస్తే పీడా పోతాది" అంది.

నవ్వుకున్నాను గానీ తర్వాత ఆలోచిస్తే ఆవిడ మాటలో సగం నా వాదనే. ఎముక ఎందుకు అతుక్కుంటుంది? రక్తం అందుతుంది కాబట్టి. కట్టు దాన్ని కదలకుండా పట్టుకుంటుంది, మిగతాది ఒళ్లే చేసుకుంటుంది. చచ్చిన పంటి కండకు ఆ అవకాశం లేదు. అందుకే ఎవరో ఒకరు లోపలికి పోయి ఆ గదిని చేత్తో కడగాలి, లేదంటే గదినే తీసెయ్యాలి. పీకడమంటే గదిని తీసెయ్యడం. అది కూడా వైద్యమే. మా అత్త పీకించుకుని తప్పు చేసిందని నేను అనను. ఆ పళ్లు మాత్రలు మింగుతూ లోపలే పెట్టుకుని ఉంటే తప్పు చేసినట్టు. ఇప్పుడు ముద్ద సరిగా నమలలేక ముందు పళ్లతో కొరుకుతుంది, ఆ సంగతి మాత్రం ఆవిడ వాదనలో రాదు.

డబ్బు సంగతి దాచి మాట్లాడితే ఈ వ్యాసానికి విలువ లేదు. నాకు రూట్ కెనాల్‌కు, క్యాప్‌కు కలిపి 8,000 అయింది. మెడికల్ షాపులో 90 రూపాయలు. ఆటో అబ్బాయి రాత్రి తొమ్మిదిన్నరకు తెరిచి ఉన్న చోటికి వచ్చాడు. ఏ డెంటిస్టు ఆ వేళకు కూర్చుంటాడు? పొద్దున వెళ్తే సగం రోజు బాడుగ పోతుంది. వాడికి తెలివి లేక మాత్రలు కొన్నాడని అనుకునేవాళ్లకు ఈ పట్టణంలో రోజు కూలీ మీద బతకడమంటే ఏంటో తెలియదు. నా కోపం వాడి మీద కాదు. షాపాయన మీద కొంచెం ఉంది. ఎక్కువ కోపం, పంటి గదిలోకి మాత్ర పోదని చదువుకుని కూడా, పేషెంటు ఊరికే పంపితే బాగోదని ఐదు రోజుల కోర్సు రాసేసే డాక్టర్ల మీద. రాయకపోతే "ఈ డాక్టరు మందులే ఇవ్వలేదు" అని పక్క క్లినిక్‌కు పోయే మన మీద కూడా.

కడిగినా పోని మురికి

రూట్ కెనాల్‌ను నేను దేవుడి వరంలా చెప్తున్నానని అనుకోకండి. నాది మొదటిసారి ఫెయిలయింది. ఎక్కడ చేయించానో చెప్పను, కావాలని ఎవరూ చెయ్యలేదు. కింది పెద్ద పంటికి మామూలుగా రెండు వేర్లు, వాటి లోపల కండ ఉండే మూడు కాలువలు. కొందరికి నాలుగు. నాకు నాలుగు. మూడే కడిగి మూసేసి, పైన తళతళలాడే క్యాప్ పెట్టారు. ఏడాది పాటు నమిలినప్పుడల్లా లోపల ఏదో బరువుగా ఉండేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. రెండోచోట స్కానింగ్ చేసి నాలుగోదాన్ని కనిపెట్టి, క్యాప్ కోసి, మొత్తం తిరిగి తవ్వారు.

ఆ రెండోసారే నాకు ఇన్‌ఫెక్షన్ మొండితనం అర్థమైంది. కాలువ అంటే నున్నటి పైపు కాదు. పక్కలకు చీలికలు, సందులు, ఒకదాన్నొకటి కలిపే సన్నటి దారులు. దాని గోడల్లో మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు), రెండు మైక్రాన్ల వెడల్పున్న గొట్టాలు లెక్కలేనన్ని, క్రిమి దూరి కూర్చోవడానికి సరిగ్గా సరిపోయేవి. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో పై పెద్ద పళ్లను సూక్ష్మ స్కానింగ్ చేసి చూస్తే, ఏ పరికరంతో గీకినా కాలువ గోడలో 35 శాతం, అంతకంటే ఎక్కువ, పరికరం తగలకుండానే మిగిలిపోయింది. అందుకే గీకడం కంటే కడగడం మీద ఆధారపడతారు, అదీ బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరుకు చుట్టమైన హైపోక్లోరైట్‌తో. రెండు సిట్టింగుల మధ్య లోపల పెట్టే తెల్లటి ముద్ద ఏమిటని అడిగితే కాల్షియం హైడ్రాక్సైడ్ అన్నారు. మా అత్త తమలపాకుకు రాసుకునే సున్నం! దాని ఘాటుకు చాలా క్రిములు చస్తాయి. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అని ఒకటుంది, అది ఆ సున్నంలో కూడా చాలా దూరం ఓర్చుకుంటుంది. ఫెయిలైన పళ్లను తెరిచి చూస్తే తరచుగా కనిపించేవాటిలో అదొకటి. అది ఒంటరిగా కూడా ఉండదు, గుంపుగా, జిగురు పొర కప్పుకుని ఉంటుంది. మాత్రతో దాన్ని బెదిరించాలనుకున్నాం మనం.

దీని మీద వాట్సాప్‌లో వేరే రకం వైద్యం తిరుగుతోంది, రూట్ కెనాల్ చేసిన పన్ను నోట్లో ఉంచుకున్న శవం, క్యాన్సర్ తెస్తుంది అని. మా కాలనీ గ్రూపులో ఈ ఏడాది రెండుసార్లు వచ్చింది. ఇది కొత్త భయం కాదు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టరు మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, కుళ్లిన పళ్ల మీద పెట్టే క్యాప్‌లను కుళ్లు మీద కట్టిన బంగారు సమాధులని తిట్టాడు. ఆ తర్వాత అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు పీకిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి, వాటికి జబ్బులొచ్చాయని రాశాడు. కీళ్ల నొప్పులకు కూడా పళ్లు పీకిన రోజులవి. ఇతరులు అవే ప్రయోగాలు జాగ్రత్తగా చేస్తే ఆ ఫలితాలు నిలబడలేదు. నాకు హంటర్ మీద మాత్రం పూర్తిగా కోపం రాదు. మూడే కడిగి మూసేసిన నా క్యాప్‌ను చూస్తే ఆయన అదే మాట అనేవాడు, అప్పుడు నేను కూడా తలూపేదాన్ని.

మాత్ర వెయ్యాల్సిన రోజు

నేను మాత్రలకు శత్రువునని స్టాఫ్‌రూమ్‌లో పేరొచ్చింది, అది కూడా తప్పే. ఇన్‌ఫెక్షన్ గది దాటి బయటికి వచ్చిందనుకోండి, చెంప, దవడ కింద వాచిందనుకోండి, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం మొదలైందనుకోండి, ఇప్పుడది రక్తం తిరిగే చోటుకు వచ్చింది. ఇక్కడ యాంటీబయాటిక్ పనిచేస్తుంది, తప్పనిసరిగా కావాలి కూడా, గదిని తెరిచి చీము తియ్యడంతో పాటు. కింది పెద్ద పళ్ల చీము నాలుక కిందికి, మెడలోకి దిగితే గొంతు మూసుకుపోతుంది. జర్మన్ డాక్టరు లుడ్విగ్ 1836లో దాన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరే. మింగడం కష్టమై, నాలుక పైకి తోసుకొస్తుంటే మెడికల్ షాపు కాదు, డెంటల్ క్లినిక్ కూడా కాదు, అర్ధరాత్రయినా సరే రుయా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకే పోవాలి. నాన్నలాంటి షుగర్ మనుషులకు ఇది ఇంకా తొందరగా ముదురుతుంది. ఆ రోజు మాత్ర నిజంగా పనిచెయ్యాలంటే, గుల్ల లేచినప్పుడల్లా అదే మాత్రను చల్లి చల్లి క్రిములకు అలవాటు చేసి ఉండకూడదు. జువాలజీ టీచరుగా పిల్లలకు ఇది చెప్పినప్పుడు ఎవరూ నోట్సు రాసుకోరు, పరీక్షలో రాదు కదా.

నా మచ్చ సంగతి. రెండోసారి చేయించుకుని పది నెలలైంది. పోయిన నెల ఎక్స్‌రేలో నలుపు పల్చబడి, అంచుల్లో ఎముక గీతలు కనిపిస్తున్నాయి. ఎవరూ అక్కడ ఎముక పెట్టలేదు, మందు పుయ్యలేదు. గది శుభ్రమయ్యాక ఒళ్లు తను వదిలేసుకున్న పొలాన్ని తనే తిరిగి దున్నుకుంటోంది. అచ్చం పుత్తూరు కట్టులాగే, అత్తకు చెప్తే మురిసిపోతుంది.

చెప్దామనే ఉన్నాను, ఆదివారం ఆవిడే ఫోన్ చేసింది. "పాపా, కోడలికి పన్ను నొప్పంట, రాత్రంతా కూర్చోనే ఉండాది. నువ్వు చదువుకున్నదానివి గదా, ఏం మాత్ర వెయ్యల్ల?"

"అత్తా, ముందు చల్లటి నీళ్లు నోట్లో పట్టుకుంటే తగ్గుతుందో ఎక్కువవుతుందో అడుగు."

ఫోన్ పక్కన పెట్టినట్టుంది. లోపల గిన్నెల చప్పుడు, ఎవరో కుళాయి తిప్పడం, కాసేపు ఏమీ లేదు. తర్వాత అత్త గొంతు, "తగ్గతాదంట."

వాపు, జ్వరం ఉన్నాయా అంటే లేవంది. మాత్రల మాట తీసుకురాకుండా రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నాను, నేను వెళ్లే డాక్టరమ్మ దగ్గరికి నేనే తోడొస్తానన్నాను. ఎంతవుతుందని అడిగింది. చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

"పీకేదానికెంత?" అంది.

అదీ చెప్పాను.